నల్లరైతులు కట్టుకున్న బడులు

సహవాసి తెలుగు చేసిన "ఏడు తరాలు" చదవని అభ్యుదయ పాఠకుడు మనలో అరుదు. కుంటా కింటే పేరు మన పల్లెల్లో సైతం వినబడుతుంది. కాని ఆ పుస్తకం రాసిన అలెక్స్ హేలీ తండ్రి ఏం పని చేసేవాడని అడిగితే వెంటనే చెప్పగలిగినవారు తక్కువ. సైమన్ హేలీ వ్యవసాయశాస్త్ర ఆచార్యుడు. అలబామా రాష్ట్రంలో నల్లజాతివారి వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పాడు. 1921లో అలెక్స్ పుట్టేనాటికి ఆయన కార్నెల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయమే చదువుకుంటున్నాడు.

సైమన్ హేలీది టెన్నెసీ రాష్ట్రంలో పాలుకు సేద్యం చేసుకునే కుటుంబం. ఆ కుటుంబాల్లో కాస్త ఎదిగిన కొడుకు చేలోకి పోకుండా బడికి పోతూ వుంటే ఆ పిల్లవాడు "వృథా" అయిపోయినట్టు లెక్క. ఇంతమంది పిల్లల్లో ఒకణ్ణి వృథా చేసుకుంటే మాత్రం ఏమని తల్లి నచ్చజెప్పగా, తండ్రి ఒప్పుకోగా, సైమన్ చదివాడట. కుమారుడు రాసిన మాట ఇది. నేనా ముక్క చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మా మేనమామను గూర్చి మా అమ్మమ్మ అన్న మాట సరిగ్గా ఇటువంటిదే. ఆయన చదువు అయిదో తరగతితో ఆగింది. మా యింట్లో వృథా చేసుకునే స్తోమతు ఒక్కరికి కూడా లేదు.

పల్లెటూరి బడికి ఎవరు డబ్బు పెట్టారు, అందులో ఏ చదువు చెప్పారు, ఆ చదువు ఎవరి కొరగింది అనే మూడు ప్రశ్నలను కలిపి అడగడం మనకు అలవాటు లేదు. దాతల చరిత్ర ఒకరు రాస్తారు, పాఠ్యప్రణాళికల చరిత్ర మరొకరు రాస్తారు. అమెరికా దక్షిణాది పత్తిసీమలో ఇరవయ్యో శతాబ్ది మొదటి ముప్ఫయి ఏళ్ళలో జరిగిన ఒక ఉద్యమాన్ని తీసుకుని యీ మూడు ప్రశ్నలనూ ఒకే చోట అడిగి చూడాలని నా ప్రయత్నం.

బానిసత్వం 1865లో చట్టప్రకారం పోయింది. భూమి మాత్రం పాత యజమానుల దగ్గరే వుండిపోయింది. విముక్తి పొందినవాడు అదే చేలో పాలుకు దిగాడు. విత్తనం, ఎడ్లకు బదులుగా కంచరగాడిద, తిండిగింజలు, అన్నీ అప్పుగా ఇచ్చే వర్తకుడు రాబోయే పంటను ముందే తాకట్టు పెట్టించుకునేవాడు. మన కోస్తా జిల్లాల్లో కమీషను వ్యాపారికి, కౌలుదారుకు మధ్య నడిచే లెక్క తెలిసినవారికి ఇంతకుమించి వివరించనక్కరలేదు. ఏడాది చివర లెక్క చూసేది యజమాని, రాసేది యజమాని, కూడేది యజమాని. లెక్క సరిచూడమని అడగాలంటే అక్షరం కావాలి, అక్షరం వున్నా ధైర్యం కావాలి. 1919లో ఆర్కాన్సా రాష్ట్రం ఎలైన్ ప్రాంతంలో నల్ల పాలుదారులు సంఘం పెట్టుకుని పత్తి లెక్కలు తేల్చమన్నందుకు వారిని వేటాడి చంపారు. ఎందరు చనిపోయారన్నది నేటికీ తేలలేదు.

అటువంటి చోట బడి పెట్టడమంటే అది మనం అనుకునే మంచిపని మాత్రమే కాదు.

బడులకు ప్రభుత్వ ధనం లేక కాదు. పన్నులు నల్లవారూ కట్టారు. 1891లో అలబామా శాసనసభ చేసిన చట్టం ఒకటి, బడుల సొమ్మును స్థానిక అధికారులు తమకు న్యాయంగా తోచినట్టు పంచుకోవచ్చునని చెప్పింది. వారికి తోచిన న్యాయం ఏమిటో వేరే చెప్పాలా? 1901 రాజ్యాంగంతో నల్లవారి ఓటు కూడ ఆ రాష్ట్రంలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. పన్ను కట్టేవాడికి బడి లేదు, బడి అడగడానికి ఓటు లేదు. పిల్లలు చర్చిలో, పాడుపడ్డ కొట్టాలలో చదువుకునేవారు.

ఈ స్థితిలో అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థ రంగంలోకి వచ్చింది. 1881లో దీనిని ఆరంభించిన బుకర్ టి. వాషింగ్టన్ స్వయంగా బానిసగా పుట్టినవాడు. చేతిపని, వ్యవసాయం నేర్చుకోండి, ఆస్తి సంపాదించండి, రాజకీయహక్కుల మాట తర్వాత చూద్దాం అన్నది ఆయన పద్ధతి. 1903లో డ్యూబాయిస్ దీన్ని తీవ్రంగా ఖండించాడు. హక్కులు లేనివాడు సంపాదించిన ఆస్తికి కాపలా ఎవరు, ఉన్నతవిద్య లేని జాతికి నాయకులెక్కడినుంచి వస్తారు అని డ్యూబాయిస్ అడిగాడు. మన విమర్శకులు సాధారణంగా డ్యూబాయిస్ పక్షం తీసుకుని అక్కడితో ఆగుతారు. నేనూ చాలాకాలం అలాగే ఆగాను. ఆ తరువాత జమాఖర్చులు చూశాను.

1912లో జూలియస్ రోజెన్‌వాల్డ్ అనే షికాగో వర్తకుడు, సియర్స్ రోబక్ కంపెనీ అధిపతి, తన యాభయ్యో పుట్టినరోజు సందర్భంగా టస్కీగీకి 25,000 డాలర్లు ఇచ్చాడు. అందులో కొంత మిగిలింది. దానితో టస్కీగీ చుట్టుపట్ల పల్లెల్లో 6 బడులు కట్టారు. వాటిలో ఒకటి లీ కౌంటీలోని లోచపోక అనే పల్లెలో 1913లో లేచింది. ఆ బడి ఖర్చు 942 డాలర్ల 50 సెంట్లు. రోజెన్‌వాల్డ్ పెట్టింది 300. స్థానికంగా తెల్లవారు ఇచ్చింది 360. నల్ల గ్రామస్థులు స్థలం కొనడానికి పోగు చేసింది 150. మిగిలిన 132 డాలర్ల 50 సెంట్లు నల్లవారు చేసిన కాయకష్టం విలువ.

ఈ చివరి పద్దును పాఠకులు గమనించవలసి వుంది. పునాది తీసినవాని, దూలం మోసినవాని, మేకు కొట్టినవాని శ్రమకు వెలకట్టి, వర్తకుడి దానం పక్కన అదే కాగితం మీద, అదే డాలర్లలో వేశారు. మా వూరి ఉన్నత పాఠశాల గోడకు ఒక నాపరాయి ఫలకం వుంది. భూమి ఇచ్చిన వారి పేరు పైన, వెయ్యి రూపాయలిచ్చినవారు దానికింద, నూటపదహార్లు ఇచ్చినవారు అంతకు కింద. పునాదులు తవ్విన నెలరోజుల పనికి "శ్రమదానం" అని పేరు పెట్టారు. దానమన్న తరువాత కూలి అడగరాదు, కూలి లేదు గనుక పద్దు లేదు, పద్దు లేదు గనుక రాతి మీద పేరు లేదు. ఆ తవ్విన వారిలో మా మేనమామ ఒకడు. లోచపోక జమాఖర్చు రాసినవాడెవడో కాని, అతడు మా వూరి పెద్దలకంటె చాలా మెరుగైన గణకుడు.

ఈ బడుల కట్టుబాటు ఏమంటే, ముందు వూరివారు తమ వాటా పోగుచేయాలి. భూమి, భవనం సర్వం కౌంటీ విద్యామండలి పేర రాసి ఇవ్వాలి. అప్పుడే రోజెన్‌వాల్డ్ సొమ్ము వస్తుంది. ఊరూరా తిరిగి యీ పని నడిపించినవాడు టస్కీగీకి చెందిన క్లింటన్ కాలవే. వాషింగ్టన్ పేరు, రోజెన్‌వాల్డ్ పేరు తెలిసిన వందమందిలో ఒకరికైనా ఇతని పేరు తెలియదు.

చందాలు ఎలా వచ్చాయి? పత్తి సీమలో రొక్కం ఎక్కడిది? కొన్ని వూళ్ళలో రైతులు చేలో ఒక చెక్క విడిగా వుంచి, అందులో పండిన పత్తిని బడికి కేటాయించారు. దాన్ని "రోజెన్‌వాల్డ్ మడి" అనేవారు. ఆడవాళ్ళు విందులు పెట్టి, పెట్టెల్లో భోజనాలు కట్టి అమ్మారు. 1916-17 చలికాలంలో అలబామా, గ్రీన్ కౌంటీ, బొలీజీలో జరిగిన సభ గూర్చి ఒక నివేదిక మిగిలివుంది. ఆ ఏడు ముక్కుపురుగు తగిలి పత్తి సర్వనాశనమైంది. వూరంతా దిగాలుపడివుంది. అయినా సభ పెట్టారు. బానిసకాలం చూసిన ముసలివాడొకడు లేచి, జిడ్డోడుతున్న పాతసంచి ఒకటి తీసి బల్లమీద బోర్లించాడు. 38 డాలర్లు. అతని జీవితకాలపు పొదుపు. మనవల పిల్లలకు దారి దొరకాలని తనకున్నదంతా ఇస్తున్నానన్నాడు. ఆవునూ దూడనూ తాకట్టు పెట్టి అయినా వాటా తెస్తామని మిగతావారు ఒప్పుకున్నారు.

ఇటువంటి ఘట్టం చదివి కన్నీరు పెట్టుకోవడం సులభం. నాకూ కళ్ళు చెమర్చాయి. కాని యీ ముసలివాడు అప్పటికి ఎన్నేళ్ళుగానో పన్ను కడుతున్నాడు. ఆ పన్నుతో తెల్లపిల్లల బడి కట్టారు. ఇప్పుడు తన మనవళ్ళ బడికి మళ్ళీ కడుతున్నాడు. కట్టి, ఆ భవనాన్ని తనకు ఓటు లేని విద్యామండలి చేతిలో పెడుతున్నాడు. చరిత్రకారుడు జేమ్స్ ఆండర్సన్ దీనికి రెండింతల పన్ను అని పేరు పెట్టాడు. ఇంతకంటె సరియైన పేరు లేదు. కనుక "ప్రజల భాగస్వామ్యం" అనే అందమైన మాట వినబడ్డప్పుడల్లా, భాగం అడిగేది ఎవరిని, అంతకుముందు వారి వాటా ఎవరు తిన్నారు అని అడగడం అవసరం.

1932లో రోజెన్‌వాల్డ్ మరణించేనాటికి యీ ఉద్యమం దక్షిణాది 15 రాష్ట్రాలలో 5,357 భవనాలు నిలబెట్టింది. అందులో బడులు 4,977, ఉపాధ్యాయుల ఇళ్ళు 217, పనిముట్ల శాలలు 163. మొత్తం ఖర్చు 2 కోట్ల 84 లక్షల డాలర్లు. ఇందులో నల్లవారు ఇచ్చినది 47 లక్షల 25 వేలు, రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చింది 43 లక్షల 66 వేలు, తెల్లదాతలు 12 లక్షల 11 వేలు. మిగతా 1 కోటి 81 లక్షలు పన్నుల సొమ్ము. అంటే కోటీశ్వరుడి కంటె కూలివాళ్ళే ఎక్కువ పెట్టారు. బడులకు పేరు మాత్రం కోటీశ్వరునిదే స్థిరపడింది. దీనికి ఆయన్ను తప్పుపట్టనక్కరలేదు. శాశ్వతనిధులంటే గిట్టక, తన సొమ్మంతా ఒక తరంలో ఖర్చయిపోవాలని పట్టుబట్టిన మనిషి ఆయన. పేరు పెట్టే అలవాటు సంఘానిది.

చిన్న వూరట ఒకటుంది. చూచి చూచి, పన్నుల సొమ్ము అంతకంతకు ఎక్కువగా బయటికి రాక తప్పలేదు. చందా పోగైనచోట అధికారి బుకాయించడం కష్టమైంది.

ఇక బడిలో ఏం చెప్పారు? ఈ భవనాల నమూనాలు మొదట గీసింది టస్కీగీలోని రాబర్ట్ టేలర్ బృందం. విద్యుత్తులేని పల్లెలు గనుక తూర్పు పడమరల వెలుతురు పడేలా నిలువెత్తు కిటికీలు పెట్టారు. ఎంత చిన్న బడికైనా చేతిపనుల గది, బయట తోట వుండాలి. 1917లో అమెరికా ప్రభుత్వం స్మిత్-హ్యూస్ చట్టం చేసి ఉన్నత పాఠశాలల్లో వ్యవసాయవిద్యకు సొమ్మిచ్చింది. బడి దాటి రాలేని రైతు దగ్గరకు బడే పోయింది: 1906లో టస్కీగీ నుంచి ఒక బండి బయలుదేరింది, నాగలి, విత్తనాలు, వెన్న చిలికే యంత్రం వేసుకుని. దానికి డబ్బిచ్చినవాని పేర జెసప్ బండి అన్నారు. బండికి రూపం ఇచ్చినవాడు జార్జి వాషింగ్టన్ కార్వర్, తోలుకుపోయి రైతులకు చూపించినవాడు టామస్ కాంప్‌బెల్.

కార్వర్‌ను మన పాఠ్యపుస్తకాలు వేరుశనగ వింతల మనిషిగా మార్చాయి. ఆయన అసలు గొప్పతనం చిన్నచిన్న కరపత్రాలలో వుంది. 1898 మొదలు రాసిన ఆ పత్రాలు ఎరువు కొనలేని రైతు కోసం రాసినవి. అడవిలో రాలిన ఆకు, బురదగుంటలో పేరుకున్న ఒండ్రు తెచ్చి చేలో వేయమంటాడు. పత్తి తర్వాత పత్తి వేయకు, మధ్యలో అలసందలు వేయి, చిలగడదుంప వేయి, వేరుశనగ వేయి, నేల కోలుకుంటుంది, ఇంట్లో పిల్లలకు తిండీ దొరుకుతుంది అంటాడు. శాస్త్రం నూటికి నూరుపాళ్ళు నిజం.

కాని ఆ మాట ఎవరితో చెబుతున్నాం? 1920 నాటికి నల్ల సేద్యగాళ్ళలో సొంతభూమి వున్నవారు సుమారు నాలుగోవంతు. మిగిలిన ముగ్గురూ కౌలుకో పాలుకో చేసేవారు. వారికి అప్పిచ్చే వర్తకుడు పత్తి వేస్తేనే ఇస్తానంటాడు. అలసంద మీద అప్పు పుట్టదు. ఒండ్రు మోసి మూడేళ్ళకు నేలను బాగు చేస్తే నాలుగో ఏడు యజమాని కౌలు పెంచుతాడు లేదా కొత్తవాణ్ణి పెట్టుకుంటాడు. నేలను ప్రేమించమని కార్వర్ నేర్పాడు. నేల తనది కానివాడికి ఆ పాఠం పట్ల తీరిక లేదు. ఇక్కడ డ్యూబాయిస్ నెగ్గాడనే నేను ఒప్పుకుంటాను. హక్కులు లేకుండా ఇచ్చిన వ్యవసాయవిద్య, ఎంత నిజాయితీగా ఇచ్చినా, భూస్వామి చేనుకు మెరుగైన కూలీని తయారుచేసే ప్రమాదం వుంది. ఈ బడులకు చందా ఇచ్చిన తెల్ల భూస్వాములు కొందరు ఆశించింది అదే: పల్లెలో బడి వుంటే కూలీలు వూరు విడిచిపోరని.

ఈ ప్రమాదం నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. మా ఉన్నత పాఠశాలలో వ్యవసాయం ఒక పాఠ్యాంశంగా వుండేది. బడికి రెండెకరాల తోట వుండేది. ఆ పీరియడ్‌లో పాలెం నుంచి వచ్చిన మేము కలుపు తీసేవాళ్ళం, ఆసాముల పిల్లలు చింతచెట్టు నీడన కూర్చుని విత్తన రకాల పేర్లు నోటుపుస్తకంలో రాసుకునేవారు. మాష్టారు చెడ్డవాడు కాడు. "నీకు చేతనైన పనేగదరా" అనేవాడు ఆప్యాయంగా. పరీక్షలో అడిగింది విత్తన రకాల పేర్లు.

అయితే చరిత్ర అక్కడ ఆగలేదు. నేను మొదట డ్యూబాయిస్ పక్షాన ఆగిపోవడం తొందరపాటని చెప్పింది ఇందుకే. అక్షరమనేది అదుపులో వుండదు. రోజెన్‌వాల్డ్ బడుల పైన ఇటీవల ఆర్థికశాస్త్రజ్ఞులు ఆరన్‌సన్, మజుందార్ చేసిన పరిశోధన 2011లో వెలువడింది. పల్లెల్లో నల్ల తెల్ల పిల్లల చదువుల మధ్య అంతరం తగ్గడంలో యీ బడుల పాత్ర గణనీయమని అందులో తేలింది. దానితోపాటు మరొకటి తేలింది: ఈ బడుల్లో చదివే అవకాశం దొరికినవారు దక్షిణాదిని విడిచి ఉత్తరాది నగరాలకు పోవడం ఎక్కువైంది. కూలీలు నిలుస్తారని చందా ఇచ్చిన భూస్వామి లెక్క తప్పింది. చేలో నిలపడానికి కట్టిన బడి కుర్రవాళ్ళకు కాళ్ళిచ్చింది.

పోనివారూ వున్నారు. జాన్ లూయిస్ అలబామా, పైక్ కౌంటీలో యిటువంటి బడిలోనే చదివాడు. పత్తితీత రోజుల్లో తండ్రి చేలోకి రమ్మంటే, వాకిట అరుగు కింద దాక్కుని బస్సు చప్పుడు వినగానే పరుగెత్తేవాడట. ఆ కుర్రవాడే 1965లో సెల్మా వంతెన మీద పోలీసు లాఠీకి తల పగలగొట్టించుకున్నాడు, ఓటు కోసం. కవయిత్రి మాయా ఏంజలో ఆర్కాన్సాలో, పౌరహక్కుల కార్యకర్త మెడ్గర్ ఎవర్స్ మిసిసిపీలో యీ బడుల విద్యార్థులే. వీరెవరూ వ్యవసాయం చేయలేదు గనుక వ్యవసాయవిద్య విఫలమయిందని ఎవరైనా లెక్కగడితే, లోచపోక గణకుని దగ్గర మళ్ళీ లెక్కలు నేర్చుకోమంటాను.

విషాదం మరొకవైపు వుంది. వ్యవసాయమే చేయాలని నిలబడ్డ యువకుల కథ అది. 1927లో వర్జీనియాలో నల్ల ఉన్నత పాఠశాలల వ్యవసాయ విద్యార్థులు ఒక సంఘం పెట్టుకున్నారు. అది రాష్ట్రాలకు పాకి 1935లో టస్కీగీలో "న్యూ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా" అయింది. విచ్చిన పత్తికాయ వారి చిహ్నంలో వుండేది. తెల్లపిల్లల సంఘం వారిని చేర్చుకోదు గనుక వారు తమ నాయకుల్ని, తమ పోటీల్ని, తమ ఉపన్యాసకుల్ని తామే తయారుచేసుకున్నారు. 1965లో వేర్పాటు రద్దయి, 50 వేలకు పైగా సభ్యులున్న యీ సంఘాన్ని తెల్లవారి సంఘంలో కలిపారు. కలిపారంటే సమానంగా కలపలేదు. పేరు పోయింది, చిహ్నం పోయింది, నల్ల నాయకులకు పదవులు పోయాయి, కొన్నేళ్ళలో నల్ల సభ్యుల సంఖ్య పడిపోయింది. వేర్పాటు పోవడం కోసం పోరాడినవారు దాని కోసం చెల్లించిన మూల్యాలలో ఇదొకటి. దీన్ని చెప్పడానికి మనం సందేహించనక్కరలేదు. వేర్పాటు మంచిదని దీని అర్థం కాదు.

బడులకూ అదే గతి పట్టింది. 1954 తీర్పు తరువాత వేరు బడులు క్రమంగా మూతపడ్డాయి. భవనాలు విద్యామండలులవి గనుక అవి అమ్మాయి, కూల్చాయి, వదిలేశాయి. కొన్ని వూళ్ళలో, తమ తాతలు పత్తి మడి పెట్టి కట్టిన బడిని మనవలు మళ్ళీ డబ్బిచ్చి కొనుక్కున్నారు. మూడోసారి కట్టిన పన్ను అన్నమాట. 2002లో అమెరికా జాతీయ వారసత్వ సంరక్షణ సంస్థ యీ బడులను నాశనం కానున్న కట్టడాల పట్టికలో చేర్చింది.

భూమి సంగతి కూడ చెప్పాలి. 1920లో 9 లక్షల 25 వేలకు పైగా వున్న నల్ల సేద్యగాళ్ళు 2022 గణనలో 47 వేలలోపు. ప్రభుత్వ వ్యవసాయశాఖ ఋణాలలో తమకు అన్యాయం జరిగిందని నల్ల రైతులు వేసిన దావా 1999లో రాజీకి వచ్చింది. ఆ దావా వేసినవారు ఋణపు దరఖాస్తులు నింపగలిగినవారు, తిరస్కరణ పత్రాలు చదివి దాచుకున్నవారు.

మా వూరి పాఠశాలకు కొత్త భవనం వచ్చింది. పాత గోడ పడగొట్టేటప్పుడు నాపరాయి ఫలకం చెదరకుండా తీసి కొత్త గోడకు అమర్చారు. రాతి అడుగున రెండు బెత్తెళ్ళ ఖాళీ వుంది. పునాది తవ్వినవారిలో నాకు తెలిసినవారు పదకొండుమంది. ఆ పేర్లు, ఆ కాలపు కూలి రేటున ఒక్కొక్కరికి ఎన్ని రూపాయలయిందో లెక్కగట్టి, ఒక కాగితం మీద రాసి ప్రధానోపాధ్యాయుడికి ఇచ్చి వచ్చాను.